ఎడమ చేత్తో రాసిన అర్జీ

1957వ సంవత్సరం. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్లిపోయి ఇంకా ఏడాది నిండలేదు. సర్కారు ఆఫీసుల కోసం వేసిన డేరాలు పీకేశారు గాని, గుంజలు పాతిన గుంతలు మైదానంలో అలాగే ఉండేవి. మంత్రులు పోయారు, వాళ్ల వెంట హోటళ్లు పోయాయి, అద్దె ఇళ్లకు గిరాకీ పోయింది. కలెక్టరు కచేరీలో మెజిస్టీరియల్ సెక్షన్ మాత్రం ఎప్పటిలాగే నడిచేది. అందులో పత్రికల సీటు నాది.

ఆ సీటులో ఏం పని ఉంటుందో బయటివాళ్లకు అంతగా తెలియదు. పత్రిక పెట్టదలచినవాడు జిల్లా మెజిస్ట్రేటు ఎదుట, అంటే కలెక్టరు ఎదుట, డిక్లరేషన్ ఇవ్వాలి. పత్రిక పేరేమిటి, ఏ ప్రెస్సులో అచ్చవుతుంది, ముద్రించేదెవరు, ప్రకటించేదెవరు, యజమాని ఎవరు అన్నవి అందులో ఉంటాయి. అబద్ధం రాసి సంతకం పెడితే జరిమానా పడుతుంది, జైలుకు కూడా పంపవచ్చు. ఆ డిక్లరేషన్లు రిజిస్టరులో ఎక్కించడం, జిల్లాలో అచ్చయిన ప్రతి పత్రికా కచేరీకి చేరిందో లేదో చూడడం, చివరి పేజీ అడుగున ముద్రాపకుడి పేరుతో వచ్చే ఇంప్రింట్ లైను సరిగా ఉందో లేదో సరిచూడడం నా పని. కొత్త నిబంధనల ప్రకారం ఏడాదికోసారి, ఫిబ్రవరి దాటాక వచ్చే మొదటి సంచికలో, యజమాని ఎవరో పత్రికలోనే అచ్చు వేయాలి. పత్రికలు కొందరు పెద్దవాళ్ల చేతుల్లో పోగుపడుతున్నాయని ఢిల్లీలో చర్చలు నడుస్తున్న రోజులవి.

నా దగ్గరికి వచ్చే పత్రికల్లో 'కుందూవాణి' అనే వారపత్రిక ఒకటి. దాని సంపాదకుడు చెన్నకేశవులు. అతనిది వేంపల్లె. హైస్కూల్లో నాలుగేళ్లు ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నాది ఓర్వకల్లు పక్క పల్లె, మా నాయన దూది ఏకేవాడు. స్కూల్లో చేతిరాత పత్రిక నడిపినప్పుడు సంపాదకుణ్ణి నేను. చెన్నకేశవులు మొదటి వ్యాసాన్ని దిద్దింది నేను. 'ఇంత పొడుగు వాక్యాలు రాయొద్దప్పా, ఊపిరాడదు' అని చెప్పింది నేను. చదువు అయ్యాక నాకు గుమాస్తా ఉద్యోగం దొరికింది. ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా పత్రికలకు రాయకూడదని సర్వీసు నిబంధన. అతనికి ఏ ఉద్యోగమూ దొరకలేదు. అందువల్ల రచయిత అయ్యాడు.

ప్రతి శనివారం కుందూవాణి నా బల్ల మీదికి వచ్చేది. ముందు ఇంప్రింట్ లైను చూడాలి. నేను ముందు సంపాదకీయం చదివేవాణ్ణి. తప్పు దొరికితే ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించేది. దొరకని వారాలే ఎక్కువ. పొట్టి వాక్యాలు, చదివితే ఊపిరాడే వాక్యాలు. అవన్నీ నేను నేర్పినవేనని నా నమ్మకం. ఇంటికి తీసుకుపోతే మా ఆవిడ మహబూబ్‌బీ పొయ్యి దగ్గర కూర్చుని పైకి చదివేది.

"మీ స్నేహితుడు శానా బాగా రాసినాడు. కండ్లల్లో నీళ్లొచ్చినాయి" అనేది.

"పొయ్యిలో పొగకు వచ్చింటాయిలే" అనేవాణ్ణి.

ఆ ఏడు ఎండాకాలంలో నేను అతనితో ఒక మాట చెప్పాను. మా మేనత్తకు అప్పటికి డెబ్భై దాటాయి. ఊళ్లో బావి ఎండిపోతే తెల్లవారకముందే గుట్టెక్కి, రాతి దొనలో ఊరిన నీళ్లను కొబ్బరి చిప్పతో ఎత్తి కడవ నింపుకునేది. తన వంతు వచ్చేదాకా రాయి మీద కూర్చుని, ముందున్నవాళ్లు చిప్పతో దొన అడుగును గీకుతున్న చప్పుడు లెక్కపెట్టుకునేది. నేను ఇది టీ తాగుతూ చెప్పాను. రెండు వారాల తర్వాత అది కుందూవాణి మొదటి పేజీలో సంపాదకీయంగా వచ్చింది. 'చిప్ప గీరుతున్న చప్పుడు' అని శీర్షిక. హైదరాబాదులో శాసనసభలో ఎవరో దాన్ని చదివి వినిపించారు. ఓర్వకల్లు వైపు బావులు లోతు చేయించమని కలెక్టరుకు ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వును తపాలు రిజిస్టరులో ఎక్కించింది మా సెక్షనే.

నీళ్లు వచ్చాయి. మా అత్త సంతోషించింది. నాకు మాత్రం సంతోషం కలగలేదు. అది నా అత్త, నా గుట్ట, నేను విన్న చప్పుడు. మెచ్చుకోలు మాత్రం అతనికి దక్కింది.

"నీ పేరు పెడదామనుకుంటినప్పా. నీ ఉద్యోగానికి ముప్పు వస్తాదని భయపడినా" అన్నాడు.

"పర్వాలేదులే" అన్నాను. ఆ రోజు నుంచి నేను అతని ముఖం సూటిగా చూడలేకపోయాను.

ఆ ఏడే శ్రావణంలో ఒక మంత్రి ట్రావెలర్స్ బంగళాకు వచ్చాడు. ఫైళ్లు పట్టుకుని వరండాలో నిలబడ్డ గుమాస్తాల్లో నేనొకణ్ణి. చెన్నకేశవులు వచ్చాడు. మోచేతి దగ్గర చిరుగు కుట్టిన చొక్కా తొడుక్కున్నాడు. మంత్రి లేచి, "రాండి, రాండి" అని కుర్చీ చూపించాడు. అతను కూర్చుంటూ నన్ను చూసి చెయ్యి ఊపాడు. నా రెండు చేతుల్లోనూ ఫైళ్లు ఉన్నాయి. చేతులు ఖాళీగా ఉన్నా ఊపేవాణ్ణి కాను.

కుందూవాణి వెనక ఉన్న మనిషి గురించి ఇక్కడ చెప్పాలి. ఓబుళపతి అని, శాసనసభ్యుడు. బస్సుల కంపెనీ ఉంది, వేరుశనగ నూనె మిల్లు ఉంది. బస్సు రూట్లకు పర్మిట్లు ఇచ్చేది ప్రభుత్వం. ప్రభుత్వం పత్రికలను చూసి కాస్త జంకుతుంది. కనుక పత్రికలు చేతిలో ఉంటే పర్మిట్లకు మంచిదని ఆయన లెక్క. కర్నూల్లో కుందూవాణి, కడపలో ఇంకొక వారపత్రిక, అనంతపురంలో కొనబోతున్న ప్రెస్సు, అన్నీ ఆయనవేనని జనం చెవులు కొరుక్కునేవారు. కాగితం మీద మాత్రం ఎక్కడా ఆయన పేరు లేదు. కుందూవాణి డిక్లరేషన్‌లో యజమాని అన్నచోట చెన్నకేశవులు సంతకం ఉంది. 'స్వతంత్ర పత్రిక' అనే పేరు మీద టెండరు నోటీసులూ, న్యూస్‌ప్రింట్ కోటా దానికి వచ్చేవి. కోటా అంటే, పరదేశం నుంచి వచ్చే పత్రికల కాగితాన్ని ప్రభుత్వం పత్రికకు ఇంత అని పంచి ఇచ్చే వాటా.

దసరా ముందర ఒక సాయంకాలం, టీ అంగట్లో, చెన్నకేశవులు తనంతట తానే ఆ మాట చెప్పాడు.

"ఖాసీమప్పా, నీతో ఒగ మాట చెప్తా, యాడా అనొద్దు. పత్రిక నాది కాదు. పేరు నాది, పత్రిక ఆయప్పది. నాకు జీతం, ప్రెస్సు మీద గది. సంతకం పెట్టమంటే పెట్టినా."

"డిక్లరేషన్‌లో అబద్ధమా? తప్పు కదా అది?"

"తప్పే. రాసుకునేదానికి చోటు దొరికె గదా అని పెట్టినా. ఆయప్ప గురించి తప్ప దేని గురించైనా రాయమన్నాడు. బస్సుల గురించి మాత్రం ఒగ ముక్క రాయకూడదు. నిద్ర పట్టదప్పా కొన్ని దినాలు."

అతని మీద జాలి కలగవలసిన సమయమది. కానీ, నిజం చెబుతున్నాను, నాలో ఏదో దీపం వెలిగినట్టయింది. దొరికాడు అనుకున్నాను.

రెండు నెలలు ఆ మాటను మోశాను. అప్పుడే అతనికి మద్రాసులో ఒక సభలో సన్మానం జరిగిందని, శాలువా కప్పారని తెలిసింది. ఆ వారం ఆదివారం మా ఆవిడ పుట్టింటికి పోయింది. ఇంట్లో కూర్చుని, ఎడమ చేత్తో, అక్షరాలు వంకరటింకరగా వచ్చేటట్టు, కలెక్టరుకు మూడు పేజీల అర్జీ రాశాను. కుందూవాణి నిజమైన యజమాని ఓబుళపతి అని, బస్సుల గురించి ఒక ముక్క రాయకూడదన్న షరతుకు ఒప్పుకుని చెన్నకేశవులు తెలిసి తెలిసి అబద్ధపు డిక్లరేషన్ ఇచ్చాడని, మూడు ఊళ్ల పత్రికలూ ఒకే చేతిలోకి పోతున్నాయని రాశాను. కింద 'న్యాయాభిమాని' అని పెట్టాను. రైలెక్కి ద్రోణాచలం పోయి, స్టేషన్‌లోని తపాలా డబ్బాలో వేసి, వచ్చే బండికి తిరిగి వచ్చాను. పదేళ్ల తర్వాత నేను రాసిన మొదటి రచన అది. దారి పొడుగునా అందులోని వాక్యాలను మనసులో చదువుకుంటూ వచ్చాను. బాగా కుదిరిందని గర్వపడ్డాను కూడా.

నాలుగో రోజు అది నా బల్ల మీదికే వచ్చింది.

ఇలాంటి ఆకాశరామన్న అర్జీలను మామూలుగా లాడ్జ్ చేస్తారు. అంటే చర్య తీసుకోకుండా ఫైలులో మూసి పెట్టేస్తారు. ఇదీ అలాగే మూతపడుతుందని ఒక మూల భయం, ఒక మూల ఆశ. కానీ కలెక్టరు కొత్తగా వచ్చిన మనిషి, ప్రతి కాగితమూ చదివేవాడు. మార్జిన్‌లో 'వివరాలు నిర్దిష్టంగా ఉన్నవి. ప్రకటనకర్త వివరణ తీసుకోవలెను' అని రాశాడు. నోటీసు రాసి పంపవలసింది నేనే. కుడి చేత్తో, గుండ్రటి అక్షరాలతో రాశాను.

జనవరిలో చెన్నకేశవులు కచేరీకి వచ్చాడు. ఆరోపణ ఏమిటో చదువుకునే హక్కు అతనికి ఉంది. అర్జీ తీసి ఇచ్చాను. నా బల్ల పక్క స్టూలు మీద కూర్చుని మూడు పేజీలూ మెల్లగా చదివాడు. రెండో పేజీ మళ్లీ ఒకసారి చదివాడు. నేను ఏదో రిజిస్టరు తిరగేస్తున్నాను గాని అంకెలు కనబడడం లేదు.

"ఈ బస్సుల షరతు నేను గాక తెలిసినోళ్లు ఈ ఊళ్లో ఇద్దరే" అన్నాడు మెల్లగా. "ఒగరు ఓబుళపతి. ఆయప్ప తన మీద తాను రాసుకోడు గదా."

నేను రిజిస్టరులో ఇంకొక పేజీ తిప్పాను.

"భాష మాత్రం బాగుండాది. పొట్టి పొట్టి వాక్యాలు" అన్నాడు. కాగితాలు సరిచేసి నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆ నిబ్బరం చూసి కూడా నేను కుళ్లుకున్నానంటే నమ్ముతారా? నేనైతే ఆ స్టూలు ఎత్తి కొట్టి ఉండేవాణ్ణి.

వివరణకు కలెక్టరు నెలన్నర గడువు ఇచ్చాడు. ఈలోగా ఓబుళపతి ఊరుకోలేదు. చెన్నకేశవులే పత్రికను కొనుక్కున్నట్టు పాత తేదీతో ఒక దస్తావేజు రాయించాడు. అందులో సంతకం పెట్టి కలెక్టరు ముందు చూపిస్తే చాలు, అర్జీ అబద్ధమని తేలిపోతుంది. చెన్నకేశవులు ఎప్పటిలాగే సంపాదకుడిగా ఉంటాడు. ఈ సంగతి ప్రెస్సు ఫోర్‌మన్ రసూల్ సాయిబు నాకు చెప్పాడు. అచ్చు అక్షరాలు కూర్చే పనిలో తల నెరిసిన మనిషి ఆయన.

"పెట్టినాడా సంతకం?" అని అడిగాను.

"యోచన చేస్తాండాడు. పెట్టకపోతే యాడికి పోతాడప్పా? గది పాయె, జీతం పాయె. పెండ్లాం కడుపుతో ఉండాది, నీళ్లాడే దినాలు దగ్గరపడతాండాయి."

అతను సంతకం పెట్టాలని కోరుకున్నాను. అందులో నా స్వార్థం రెండు విధాలుగా ఉంది. సంతకం పెడితే అతనికి జైలు తప్పుతుంది, నా పాపం తేలికపడుతుంది. అంతకంటే ఎక్కువగా, సంతకం పెడితే అతను కూడా నాలాంటివాడే అవుతాడు.

మార్చి మొదటి శనివారం కుందూవాణి వచ్చింది. నిబంధన ప్రకారం యాజమాన్య ప్రకటన అచ్చు కావలసిన సంచిక అది. నాలుగో పేజీలో, ఒక మూల, చిన్న అక్షరాల్లో ఉంది. పత్రిక పేరు, ముద్రణ స్థలం, సంపాదకుడు. యజమాని అన్నచోట ఓబుళపతి పేరు, తండ్రి పేరు, చిరునామా. దాని కింద రెండే వాక్యాలు:

'ఇంతకు ముందు నేను యజమానినని మెజిస్ట్రేటు ఎదుట చెప్పిన మాట నిజము కాదు. అది నా తప్పు.'

కింద అతని పూర్తి పేరు.

ఆ మూలను మళ్లీ మళ్లీ చదివాను. నా అర్జీలో మూడు పేజీలు ఉన్నాయి. అందులో న్యాయం ఉంది, చట్టం ఉంది, ప్రజాస్వామ్యం అనే మాట నాలుగుసార్లు ఉంది. ఆ రెండు వాక్యాల ముందు అదంతా ఎందుకూ పనికిరాలేదు. అతను రాసినవాటన్నిటిలోకి నాకు బాగా అసూయ పుట్టించినది ఆ నాలుగో పేజీ మూల.

ఆ సంచిక కోసం బస్టాండులో జనం ఎగబడ్డారు. ఓబుళపతి మనుషులు మిగిలిన కట్టలను అంగళ్ల నుంచి ఎత్తుకుపోయారు గాని, అప్పటికే కడపదాకా చేరిపోయింది. వివరణ అడిగితే ఓబుళపతి కలెక్టరుకు ఒక పేజీ రాసి పంపాడు. 'నేను ఆ పత్రికకు చందాదారుణ్ణి మాత్రమే' అని. ఆయన సంతకం ఉన్న కాగితం ఎక్కడా లేదు కాబట్టి చట్టం ఆయన్ని ఏమీ చేయలేకపోయింది. ఉన్న సంతకం చెన్నకేశవులుది. కేసు అతని మీదే పెట్టారు. కోర్టులో ఒప్పుకున్నాడు. తనే బయటపెట్టాడని మెజిస్ట్రేటు జైలు లేకుండా జరిమానాతో వదిలేశాడు. అదే వారం గది ఖాళీ చేయించారు.

అతను వేంపల్లె బస్సు ఎక్కే రోజు నేను బస్టాండుకు పోయాను. భార్య అప్పటికి నిండు చూలాలు, లోపల కిటికీ పక్కన కూర్చుని ఉంది. పెట్టెలూ పుస్తకాల మూటా బస్సు పైకి ఎక్కించాక అతను కిందికి దిగి వచ్చాడు.

"అర్జీ రాసింది నేనే" అన్నాను. ఆ నాలుగు నెలల్లో నేను చేసిన మొదటి ధైర్యం పని అది.

"తెలుసప్పా."

"నీ మీద కడుపుమంటతో రాసినా. మా అత్త సంగతి నువ్వు రాసినప్పట్నుంచీ..."

"అది గూడా తెలుసు. మంత్రి బంగళాలో నీ మొగం చూసినా గదా." బస్సు పైనున్న పెట్టెల వైపు ఒకసారి చూశాడు. "నువ్వు రాసిందాంట్లో అబద్ధం ఒగటీ లేదు ఖాసీమూ. అందుకే నేను దస్తావేజులో సంతకం పెట్టలేకపోయినా. దాన్ని అబద్ధమనేదానికి నోరు రాల్యా. కానీ నువ్వు నా ఎదురుగా వచ్చి చెప్పింటే, ఆ అర్జీ ఇద్దరం కలిసి రాసుంటిమి. నీ పేరు పెట్టకపోయినా నా పేరన్నా పెట్టుంటిమి."

"ఇప్పుడేం చేస్తావు?"

"మా నాయనకు రెండెకరాల చెనిక్కాయ చేను ఉండాది. బడిలో పంతులు పని ఇస్తామన్నారు. సూస్తాం." బస్సు ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. "మీ అత్త బాగుండాదా? బావిలో నీళ్లు ఉండాయా?"

"ఉండాయి" అన్నాను.

పక్షం తిరగకుండానే కుందూవాణికి కొత్త డిక్లరేషన్ వచ్చింది. యజమాని ఓబుళపతి బావమరిది. పత్రిక పేరేమిటని కలెక్టరు అడిగితే, ఆ మనిషి వెనక్కి తిరిగి వకీలు ముఖం చూశాడు. వకీలు అందిస్తే చెప్పాడు. డిక్లరేషన్ కాగితాలు సక్రమంగా ఉన్నాయి. రిజిస్టరులో ఎక్కించాను. ఆ మధ్యాహ్నమే ఆఫీసు నోటు ఒకటి రాశాను. కొత్త యజమానికి పత్రిక కొనే స్తోమత గాని, నడిపే చదువు గాని లేదని, ఓబుళపతి బంధువని, కడప పత్రిక డిక్లరేషన్‌ను కూడా తెప్పించి చూడాలని, ఢిల్లీలోని పత్రికల రిజిస్ట్రారుకు తెలియజేయాలని. కింద నా పూర్తి పేరు, హోదా, తేదీ వేశాను. ఈసారి రాసింది కుడి చేత్తోనే.

శిరస్తాదారు, అంటే కచేరీ గుమాస్తాలందరికీ పెద్ద, నన్ను పిలిచాడు.

"ఏమప్పా ఖాసిం, పిల్లలుగలవాడివి. యాల నీకిది? చింపేద్దునా, పైకి పంపుదునా?"

"పంపండి సార్."

పంపాడు. 'చూశాను' అన్న ఒక్క మాటతో తిరిగి వచ్చింది. అప్పటికి ఆ కలెక్టరు మారిపోయాడు. రెండు నెలలకు నన్ను ఆత్మకూరు తాలూకా కచేరీకి బదిలీ చేశారు. శ్రీశైలం పోయే యాత్రికుల బళ్లు చూస్తూ, భూముల పట్టాలు రాస్తూ చాలా ఏళ్లు అక్కడే ఉన్నాను. ఓబుళపతి పత్రికలు బాగానే నడిచాయి.

తర్వాత సర్వీసంతా అర్జీలు చూస్తూనే గడిచింది. చేతికి వచ్చిన ప్రతి అర్జీలోనూ, ఇందులో నిజమెంత అని చూసేముందు, ఇది నిజమని తేలితే దెబ్బ ఎవరికి తగులుతుంది అని చూసేవాణ్ణి. పేరు ఎవరిది ఉంటే వాళ్లకే తగులుతుంది. వెనకనున్నవాడికి తగలదు. నా అర్జీ చదివినప్పుడు కలెక్టరుకు ఆ సంగతి తెలియకపోవచ్చు. పత్రికల సీటులో కూర్చున్న నాకు బాగా తెలుసు. తెలిసే రాశాను. ఆ కేసు నాకు నేర్పింది అది.

చెన్నకేశవులు వేంపల్లెలో పంతులయ్యాడు. కొన్నాళ్లకు మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. ఎక్కడైనా అతని పేరు కనబడితే ఈ వయసులో కూడా ముందు నా కడుపులో మంట లేస్తుంది. పేపరు మడిచి పక్కన పెడతాను. కాసేపయ్యాక మళ్లీ తీసి, చివరిదాకా చదువుతాను. బాగుందని కార్డు రాసి, కింద నా పేరు పెట్టి పంపుతాను.